నాన్న సత్యవేదంలో కోసిన కాగితాలు

నింద లేని మనిషిని కావాలన్న పట్టుదల నాకు ఇరవై రెండో ఏట పుట్టింది. అనుమానం మాత్రం నాతోపాటే పుట్టింది. ఆ రెండూ ఒకే కప్పు కింద కాపురం పెడితే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పుడు మేం జమ్మలమడుగులో ఉన్నాం. మేం అంటే మా అక్క, నేను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోతుందట కదా అని బడిలో అయ్యవార్లు వాదించుకుంటున్న రోజులు. నేను రెండో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే, ఆసుపత్రిలో రోగులను కనిపెట్టుకునే పనిలో చేరింది. అమ్మ నాకు గుర్తు లేదు. నాన్న ఉపదేశిగా పల్లెపల్లె తిరిగి వాక్యం చెప్పినవాడు. పోయే ముందు తన సత్యవేదాన్ని అక్క చేతుల్లో పెట్టి, నా తల మీద చేయి పెట్టాడు. తల మీద చేయి ఎంతసేపు ఉంటుంది? పుస్తకమైతే ఉండిపోతుంది. ఈ తేడాను నేను ఎనిమిదేళ్లు మరిచిపోలేదు.

ఆ సంవత్సరం మొదటి ఆరాధనలో మా సంఘం పాదిరి అయ్యగారు ఒక మాట చెప్పారు. నిండు మనసుతో వాక్యాన్ని పట్టుకున్న మనిషిని వేలెత్తి చూపించేవాడు ఉండడని. ఆ మాట నాకు భలే నచ్చింది. నన్ను వేలెత్తి చూపించేవాడు ఉండకూడదు. అందుకోసం మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఏడాదిలో చదవాలని తీర్మానించుకున్నాను. నా దగ్గర ఉన్నది చిన్న కొత్త నిబంధన ఒక్కటే. పూర్తి గ్రంథం కావాలంటే నాన్న పుస్తకమే గతి. అక్కను అడిగాను.

"దాందేముంది, చదువుకో. చేతులు కడుక్కోని పట్టుకో" అంది.

నేనేదో బెల్లం ముక్క తింటూ పుస్తకం పట్టుకునే పిల్లనైనట్టు! నాకు ఒళ్లు మండింది, అయినా చేతులు కడుక్కున్నాను. కోడి కూసే వేళకు లేచి రోజూ మూడు అధ్యాయాలు చదివేదాన్ని. ఒక నోటుబుక్కు కూడా పెట్టాను. ఆ రోజు నేను ఆడిన అబద్ధం, పడిన కోపం, అనవసరంగా జారిన మాట అందులో రాసుకోవాలని నియమం. పది రోజులు బాగానే రాశాను. తర్వాత తర్వాత నా తప్పులకంటే అక్క తప్పులే అందులో ఎక్కువగా చేరాయి. ప్రార్థనలో ఆవలించింది. ఎదురింటామెతో నవ్వుతూ నిలబడి ప్రార్థన కూటానికి ఆలస్యం చేసింది. నాకు అదేమీ వింతగా తోచలేదు. పక్కన ఉన్నవాళ్ల మురికి మనకూ అంటుకుంటుంది కదా అనుకున్నాను.

జూన్‌లో బడి తెరిచిన వారం. కీర్తనల దగ్గరికి వచ్చాను. ఒక పుట చివరి మాట పై పుట మొదటి మాటతో కలవలేదు. మళ్లీ చదివాను, కలవలేదు. పుస్తకం వెడల్పుగా విప్పి వెలుతురుకు పెట్టి చూస్తే లోపల కుట్టు పక్కన వేలెడు వెడల్పు అంచు కనిపించింది. మధ్యలో కాగితం లేదు. ఎవరో బ్లేడుతో కోశారు.

మా ఇళ్లలో ఆ పుస్తకం కింద పడితే తీసి కళ్లకద్దుకుంటాం. దాని మీద ఇంకో వస్తువు పెట్టం. అలాంటిది కోయడమా? తక్కిన పుటలన్నీ తిప్పాను. కీర్తనల్లో ఐదు కాగితాలు లేవు. సువార్తల్లో రెండు లేవు. ఇంట్లో ఉన్నది ఇద్దరం, నేను కోయలేదు.

అప్పుడే వెళ్లి అక్కను అడగాల్సింది. నేను అడిగే రకం కాదు. అడిగితే జవాబు చెబుతారు, జవాబు చెప్పాక నమ్మాలో వద్దో మళ్లీ మనమే తేల్చుకోవాలి. కనిపెడితే ఆ బాధ ఉండదు అనుకునేదాన్ని. బడిలో ఉన్న సత్యవేదం తెచ్చి, పోయిన కాగితాల్లో ఏముందో చూశాను. ఎక్కువ భాగం దుఃఖంలో ఉన్నవాళ్లకు చెప్పే ఓదార్పు. ఒకదాంట్లో మాత్రం పాపం చేసి ఒప్పుకుంటున్న మనిషి ఏడుపు ఉంది. అది చూడగానే దొరికింది అనుకున్నాను. అక్క ఏదో చేసింది. ఆ మాటలు కంట పడకుండా కోసేసింది. తక్కినవి ఎవరికీ అనుమానం రాకుండా కోసింది. ఇప్పుడు తలుచుకుంటే ఎంత తెలివితక్కువ లెక్కో! అప్పుడు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఏం చేసి ఉంటుంది? ఆలోచన పులివెందుల వైపు పోయింది.

అక్క పదిహేను రోజులకొకసారి సోమవారం పులివెందులకు పోయేది. అక్కడ భూములున్న ఒక పెద్ద ఇంటి చిన్న కోడలు, వరుసగా ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయి, మా ఊరి ఆసుపత్రిలో మూడు నెలలు ఉండి వెళ్లింది. అప్పుడు ఆమెను చూసుకున్నది అక్క. ఇంటికి పోయాక కూడా ఒళ్లు కోలుకోకపోతే, మందు పొడులు తెచ్చిచ్చి నూనె రుద్ది పోయేటట్టు ఆ ఇంటివాళ్లే అక్కను మాట్లాడుకున్నారు. ఇందులో దాపరికం ఏమీ లేదు, సంఘమంతటికీ తెలుసు. పొద్దున బస్సెక్కి ముద్దనూరు, తొండూరు మీదుగా పోయి, దీపాలు పెట్టే వేళకు వచ్చేది. రోజంతా ఆ గతుకుల దారిలో ఒళ్లు హూనమై రావాల్సిన మనిషి మొహంలో ఏదో వెలుగు ఉండేది. వంట చేస్తూ పాడుకునేది. ఎందుకు పాడుతుంది? నాకు అది అసలు నచ్చలేదు. నోటుబుక్కులో రాశాను.

జులైలో చూస్తే ఇంకో కాగితం పోయింది. సరిగ్గా సోమవారానికి ముందు. కోసిన కాగితాలు పులివెందులకే పోతున్నాయన్నమాట. పెద్ద ఇంట్లో బిడ్డలు నిలవని కోడలికి వేదం కాగితంతో ఏం పని? దీనికీ నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. తాయెత్తు. వాక్యం ఉన్న కాగితాన్ని చుట్టి రేకులో పెట్టి నడుముకు కట్టుకుంటే గర్భం నిలుస్తుందని నమ్మేవాళ్లు మా చుట్టూ ఉన్నారు. మా సంఘంలోనే ఒకామె అలా చేసి పెద్దల చేత చీవాట్లు తింది. ఉపదేశి కూతురు వేదాన్ని ముక్కలు చేసి తాయెత్తులు కడుతోందా! కోపం ఎంత వచ్చిందో, దాని కింద సంతోషం కూడా అంతే ఉంది. నాన్న ఎవరి చేతుల్లో పుస్తకం పెట్టాడో చూడండి అని ఎవరికో చెప్పుకోవాలనిపించింది.

పై సోమవారం అక్క పులివెందుల బస్సెక్కగానే, నేను కడుపునొప్పి అని బడికి కబురు చేసి, పుస్తకాన్ని తుండుగుడ్డలో చుట్టుకుని ప్రొద్దుటూరు పోయాను. ఆ అబద్ధం నోటుబుక్కులో రాయలేదు. ప్రొద్దుటూరులో పుస్తకాలు కుట్టే ఒక ముసలి సాయిబు ఉండేవాడు. మా బడి రిజిస్టర్లు ఆయనే కుట్టేవాడు. ముందు చేతులు కడుక్కుని వచ్చి, అప్పుడు పుస్తకం అందుకున్నాడు. కోసిన చోట్లు ఒక్కొక్కటీ వేలితో తడిమాడు.

"మామా, ఇది చించినారా, కోసినారా?" అన్నాను.

"కోసినారు బిడ్డా. కోపంతో చేసిన పని కాదు ఇది. బద్ద ఆనించి, శానా నిదానంగా కోసినారు. సూడు, అంచు కూడా వదిలిపెట్టినారు, మళ్లా అతికించుకోను వీలుగా. పుస్తకమంటే భయం ఉండే చెయ్యి ఇది."

"భయం ఉంటే కోస్తారా?"

"అది నాకేం ఎరిక? కోసినోళ్లనే అడుగు. కాగితాలు దొరికితే తీసుకురా, కుట్టి ఇస్తా."

ఆయన చెప్పిన దాంట్లో నేను మూటగట్టుకున్నది ఒక్కటే. భయం. భయం ఉందంటే తప్పు చేసినట్టే. అడుగు అన్న మాట మాత్రం బస్సు దిగేలోపలే మరిచిపోయాను.

ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం అక్క పెరట్లో తల స్నానం చేస్తుంటే, మర్నాటి ప్రయాణానికి సర్దిన ఆమె సంచి విప్పాను. నాలుగు మందు పొట్లాలు ఉన్నాయి. మూడు పాత వార్తాపత్రిక కాగితంలో కట్టి ఉన్నాయి. నాలుగోది నాన్న సత్యవేదం కాగితంలో కట్టి ఉంది. పైకి కనిపించిన మాటలు నాకు కంఠతా వచ్చినవి. నడతలో నింద లేనివాళ్ల గురించి మొదలయ్యే ఆ పొడుగు కీర్తనలోవి. నేను కోడి కూసే వేళకు లేచి బట్టీ పట్టిన కీర్తన! తాయెత్తు కూడా కాదు, మందు పొడికి పొట్లం!

ఉన్నది ఉన్నట్టు సర్దేశాను. అక్క జుట్టు తుడుచుకుంటూ లోపలికి వచ్చి నన్ను చూసి ఆగింది.

"ఏమ్మీ, మొగం అట్ల పెట్టినావు? ఏమన్నా అడగల్లనా?"

"ఏం లేదు" అన్నాను.

ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరం ఉంది. ఆ నాలుగడుగులు నేను తర్వాత ఎన్నిసార్లు కొలుచుకున్నానో.

మా సంఘంలో అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. నెలకొకసారి ప్రభువు బల్ల. దానికి ముందు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూటం. సంఘపెద్ద ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఎవరి మీదనైనా మనసులో ఏమన్నా ఉందా, దాచిన తప్పు ఏమన్నా ఉందా అని అడిగేవాడు. లేదని చెప్పినవాళ్లకు చిన్న చీటీ ఇచ్చేవాడు. మర్నాడు ఆ చీటీ చూపించినవాళ్లే ముందుకు వెళ్లి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవాలి. చీటీ లేనివాళ్లు వెనక చాప మీద కూర్చోవాలి. వెనక చాప అంటే మా ఊళ్లో చిన్న మాట కాదు. వారం రోజులు బావి దగ్గర పలకరించేవాళ్లు ఉండరు.

ఆ శనివారం నా పేరు పిలవగానే లేచాను. "నా మనసులో ఒకటి ఉంది, అది నా తప్పు కాదు" అని మొదలుపెట్టి అంతా చెప్పేశాను. ఎన్ని కాగితాలు, ఎక్కడెక్కడివి, మందు పొట్లం ఎలా కట్టి ఉంది, ఆ పొట్లం ఎవరింటికి పోయింది, ఒక్కటీ వదల్లేదు. బడిపిల్లలకు పాఠం చెప్పినట్టే స్పష్టంగా చెప్పాను. అక్క ఆడవాళ్ల వరుసలో కూర్చుని నా వైపే చూస్తోంది. సంఘపెద్ద చేతిలో చీటీలు అలాగే ఉండిపోయాయి.

"ఇది నిజమేనామ్మా?" అని అక్కను అడిగాడు.

"నిజమే. నేనే కోసినా."

"దేనికి?"

"చెప్పలేను. మాట ఇచ్చినా."

"వేదం కోయను నీకు చెయ్యెట్ల వచ్చింది? మీ నాయన ఎట్లాంటోడు!"

అక్క తల వంచుకుంది. ఆమెకు చీటీ ఇవ్వలేదు, నాకు ఇచ్చారు. మర్నాడు నేను తల ఎత్తుకుని ముందుకు నడిచాను. వెనక చాప మీద అక్క ఒక్కతే ఉంది. నేను తిరిగి చూడలేదు. ఆ ఆదివారం నాకు నిజంగానే సంతోషంగా ఉంది. సిగ్గు విడిచి రాస్తున్నాను, నాకు సంతోషంగానే ఉంది.

ఆ తర్వాత ఇంట్లో అక్క నాకు అన్నం పెట్టడం మానలేదు. మాట్లాడటం మానలేదు. కాకపోతే పాడటం మానేసింది. మాట మాత్రం ఊళ్లో ఆగలేదు. ఆసుపత్రిలో పనిచేసే మన ఆమె వేదం కాగితాల్లో మందు చుట్టి పులివెందుల పెద్దింటి కోడలికి ఇస్తోందని బావి దగ్గర నుంచి సంతకు, సంత నుంచి బస్సులోకి ఎక్కి, అక్కకంటే ముందే ఆ ఇంటికి చేరింది.

పదిహేను రోజులు కాకముందే ఆ ఇంటి పనిమనిషి ఒక నడివయసు ఆమె మా వాకిట్లో నిలబడింది. చంకలో గుడ్డ మూట. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇంగ నువ్వు మా ఊరికి రావద్దంట. పెద్దాయన చెప్పి పంపినాడు. ఇవన్నీ మీయేనంట, తీసుకో."

అక్క మూట విప్పింది. కోసిన కాగితాలు. ఒక్కొక్కటీ మడతలు విప్పి, చేత్తో సాపు చేసి, వరుసగా పేర్చి ఉన్నాయి. అంచుల మీద పసుపు వేళ్ల గుర్తులు ఉన్నాయి. కొన్ని మాటల కింద గోటితో గీసిన గీతలు ఉన్నాయి. మందు పొడి వాసన ఇంకా పోలేదు.

"వడ్ల గాదె ఎనక దాచిపెట్టుకునింది" అంది పనిమనిషి గొంతు తగ్గించి. "అన్నీ పెరికి తీసినారు. ఒక్కటి మాత్రం ఇయ్యలా. రెయికలో పెట్టుకోని, తీసేవాళ్లు వచ్చి తీయండి అనింది. పెద్దాయన యెంత అరిసినా ఇయ్యలా. మా చిన్నమ్మ అట్ల ఎదురు మాట్లాడేది నేను యెప్పుడూ సూళ్లేదు."

అక్క కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అయినా ఈ సంగతి బయట పెట్టిందెవురు? మీవాళ్లేనంట గదా" అంది ఆమె.

నేను తలుపు పక్కనే ఉన్నాను. అక్క నా వైపు చూడను కూడా లేదు.

"ఎవురో లేమ్మా. పోనీలే" అంది.

ఆమె వెళ్లిపోయాక అక్క చెప్పింది. ఆసుపత్రిలో మూడు నెలలు ఆ కోడలు పక్కన కూర్చుని అక్క చదివి వినిపించేదట. ఆమెకు అక్షరాలు వచ్చు. ఇంటికి పోయే రోజు పుస్తకం అడిగింది. ఆ ఇంట్లో ఆ పుస్తకం గడప దాటనివ్వరు. ఒక్క కాగితమైనా ఇవ్వమని చేతులు పట్టుకుని ఏడ్చింది. మందు పొట్లం కాగితాన్ని ఎవరూ చూడరు. ఒకటి చదవడం అయ్యాక ఇంకొకటి. ఎవరికీ చెప్పనని అక్క మాట ఇచ్చింది.

"కోసేటప్పుడు ప్రతిసారీ నాయనకు చెప్పుకుంటాంటి. నాయనైతే ఇచ్చేవాడే అనుకుంటి" అంది.

"నాకు కూడా చెప్పలేదే!" అన్నాను. ఏడుపు తన్నుకొస్తున్నా ఇంకా తప్పు ఆమె మీదకే నెట్టాలని చూశాను.

"నీకు చెప్పింటా. ఆ పొద్దు నోరు తెరిచి అడుగుతావేమో అని నిలబడితి గదా. నువ్వు అడగలా."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. నేను ఆ నోటుబుక్కును ఆ సాయంత్రమే పొయ్యిలో పెట్టాను. అందులో అక్క తప్పులు పద్దెనిమిది పుటలు ఉన్నాయి. ఆమెను వెనక చాప మీద కూర్చోబెట్టిన రోజు కింద నా చేత్తో రాసుకున్న మాట ఒక్కటే: ఈ రోజు నా వల్ల తప్పు ఏమీ జరగలేదు.

సంఘపెద్దకు నేనే వెళ్లి చెప్పాను. పై నెల సిద్ధపాటు కూటంలో ఆయన అందరి ముందూ తనను క్షమించమని అక్కను అడిగి చీటీ ఇచ్చాడు. నా పేరు పిలిచినప్పుడు నాకు వద్దన్నాను. ఆదివారం వెళ్లి వెనక చాప మీద కూర్చున్నాను. కాసేపటికి అక్క చీటీ చేతిలో పట్టుకునే వచ్చి నా పక్కన కూర్చుంది. ముందుకు పొమ్మన్నాను. "నువ్వు లేస్తే లేస్తా" అంది. ఆరు నెలలు అలాగే కూర్చుంది. నేను లేచింది నా మీద నమ్మకం కుదిరి కాదు, ఆమెను ఇంకా ఆ చాప మీద చూడలేక.

కాగితాలు ప్రొద్దుటూరుకు తీసుకుపోతే సాయిబు వదిలిన అంచులకు ఒక్కొక్కటే అతికించి కుట్టాడు. పని అయ్యాక పుటలు సరిచూసి, "ఇంగోటి యాడ బిడ్డా?" అన్నాడు.

"అది రాదు మామా."

"అయితే ఆ తావులో తెల్ల కాగితం ఒకటి పెడతా. నీకు నోటికి వస్తే రాసుకో."

పెట్టాడు. ఆ తెల్ల కాగితం ఇప్పటికీ ఉంది. అక్క పోయాక పుస్తకం నాకు వచ్చింది. కోరుకున్నది దక్కింది, ఏం చేసుకోను? ఏటా మొదటి పుట నుంచి చదువుతాను. నేను బట్టీ పట్టిన ఆ పొడుగు కీర్తనలో ఆ తావుకు వచ్చినప్పుడు కలం తీస్తాను. ఒక్క మాట కూడా తప్పు పోకుండా నోటికి వచ్చు. రాయను. ఆ కాగితాన్ని ఎవరూ లాక్కోలేకుండా పెట్టుకున్న మనిషి వేరే ఉంది.

ఒకసారి పులివెందుల బస్సెక్కి ఆ ఇంటి ముందు దాకా వెళ్లాను. తలుపు తీసే ఉంది. లోపల ఎవరో ధాన్యం చెరుగుతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు నిలబడి మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేశాను. ఆమె ఉందో లేదో, ఆ కాగితం ఆమె దగ్గర మిగిలిందో లేదో నాకు తెలియదు. అడగలేదు.